వంత మారయ్య

ఎదుటివాళ్ళు ఏ మాటన్నా సరే, దాని తోక పట్టుకుని రాగం తీసి వంత పాడితే తప్ప మారయ్యకు తిన్నది అరగదు. దేవుడు అందరికీ నోరిచ్చి మారయ్యకు మాత్రం వంత ఇచ్చాడని ఊళ్ళో అంటారు.

"ఉప్పు ఒడిసింది" అని భార్య మల్లీశ్వరి అంటుందా, "ఒడిసిందో... ఉప్పు ఒడిసిందో" అని రెండుసార్లు సాగదీసి, అప్పుడు సంచీ అందుకుంటాడు. కరోనా తర్వాత పట్టుకున్న జబ్బిది. అప్పటినుంచి పాపం ఆమె మొగుణ్ణి తనివితీరా తిట్టుకున్న రోజు లేదు. "నీ నోరు పడిపోను" అని ఎత్తుకుంటే "పడిపోనో... నోరు పడిపోనో" అని అందుకుంటాడు. ఆమెకే నవ్వొచ్చి తిట్టు సగంలో ఆగిపోతుంది.

దవాఖానలో డాక్టరు "నీకు షుగర్ ఉన్నది" అన్నాడు. "ఉన్నదో... షుగర్ ఉన్నదో" అన్నాడు మారయ్య. వరుసలో నిలబడ్డ ఇద్దరు ముసలోళ్ళు కూడా అందుకున్నారు. ఇంతకీ షుగర్ ఎవరికో డాక్టరు మళ్ళీ కాగితం చూసుకోవలసి వచ్చింది. ఊళ్ళో బుచ్చయ్య అనే ముసలాయన పోయిన రోజు కోడళ్ళు "నన్నిడిసి పోతివా" అని ఏడుస్తుంటే, వాళ్ళు అలిసి ఊరుకున్నాక కూడా మారయ్య గొంతు ఆగలేదు. అందరికంటే దుఃఖపడ్డవాడు ఇతనేనని ఆ ఇంటివాళ్ళు కొసరి కొసరి అన్నం పెట్టారు.

మేనల్లుడు విజేందర్‌కు మామంటే ప్రాణం, మామ నోరంటే భయం. ఆ ఏడు రోహిణి కార్తె చివర, రోళ్ళు పగిలే ఎండల్లో, అమ్రాబాద్ దగ్గర ఒక ఊరి బడి ఆవరణలో జానపద పాటల పండుగ పెట్టారు. మైకులో పేర్లు పిలిచే పని విజేందర్‌ది. తను పెద్దమ్మా అని పిలుచుకునే వాళ్ళ ఊరి పుల్లమ్మ పాడాలని పట్టుబట్టింది కూడా అతనే. నాట్లేసే పొలంలో ఆమె పాటెత్తితే మడిలో ఉన్నవాళ్ళకు నడుం నొప్పి గుర్తుండేది కాదు. ముప్పై ఏళ్ళుగా ఆమె వెనక వంత మారయ్యదే.

"ముసలామె కదా. పాట నడుమల తెగిందంటే ఇగ మల్ల పిలువం" అన్నారు పండుగ పెద్దలు. పుల్లమ్మ అది విని నవ్వింది. నవ్వింది గానీ, వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు. పాట తప్ప తనదంటూ ఆమెకు వేరే ఆస్తి లేదు.

ముగ్గురూ బస్సెక్కారు. "ఆధార్ కార్డు చూపెట్టాలె" అన్నాడు కండక్టరు పుల్లమ్మతో. "చూపెట్టాలో... కార్డు చూపెట్టాలో" అన్నాడు వెనక సీట్లోంచి మారయ్య. బస్సంతా గొల్లుమంది. విజేందర్ కిటికీలోకి తల దూర్చి, తనకూ ఆయనకూ ఏ చుట్టరికమూ లేనట్టు కూర్చున్నాడు.

పండుగ దగ్గర దిగాక అతనొక తప్పు చేశాడు. స్టేజి దగ్గర మామను పక్కకు పిలిచాడు.

"మామా, ఇయ్యాల నువ్వు పైకెక్కకు. పెద్దమ్మ ఒక్కతే పాడుతది. వీడియో తీస్తున్నరు. నువ్వు ముక్కముక్కకు సాగదీస్తే నవ్వుతరు."

మారయ్య వంత పాడలేదు. "జర ఎక్కనీయి అల్లుడా" అన్నాడు, మామూలు గొంతుతో.

"ఒద్దు మామా. నా ఇజ్జత్ పోతది."

మారయ్య వెళ్ళి జనంలో కూర్చున్నాడు.

కొత్త నారాయణపేట చీర కట్టుకుని పుల్లమ్మ మైకు ముందు నిలబడింది. "చెల్క దున్ని దున్ని ఎడ్లు అలిసినయో" అని ఎత్తుకోగానే ఆవరణంతా సద్దుమణిగింది. ఒక చరణం అయింది. రెండోది అయింది. మూడోదాంట్లో గొంతు సన్నబడి, దారం తెగినట్టు ఆగిపోయింది. పుల్లమ్మ మైకు కర్రను రెండు చేతులా పట్టుకుంది. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అలిసినయో... ఎడ్లు అలిసినయో."

నాలుగో వరుసలో మారయ్య లేచి నిలబడ్డాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. అతను ఇంకోసారి తీశాడు, మరింత సాగదీశాడు. ఆడవాళ్ళ వైపునుంచి బిక్షమ్మ అనే ఆమె అందుకుంది. ఆ తర్వాత ఆవరణంతా అందుకుంది. స్టేజి పక్కనున్న విజేందర్ ఒక్కడికే కనిపించింది: అంతమంది పాడుతున్నంతసేపూ పుల్లమ్మ నోరు తెరిచి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి తాగుతోంది. దమ్ము నిండాక చెయ్యెత్తింది. జనం ఆగారు. నాలుగో చరణం ఖంగుమంది. అట్లా పాట చివరిదాకా నడిచింది.

"వచ్చే ఏడు గూడ గీమెను పిలువాలె. జనంతోని పాడిపిచ్చింది" అన్నాడు పెద్దల్లో ఒకాయన.

విజేందర్ మామను మంచినీళ్ళ కుండల దగ్గర పట్టుకున్నాడు. "పెద్దమ్మకు దమ్ము అందుతలేదా?"

"కరోనా వచ్చిపోయినకాడికెంచి అంతే. నేను వంత రెండుసార్లు తీస్తే ఆమెకు ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతది."

"మరి బస్సుల, దవాఖానల ఎందుకు పాడుతవు?"

"ఆమె ఒక్కదానికే సాగదీస్తే, పుల్లమ్మ పని అయిపోయిందని నాలుగు రోజులల్ల పసిగడుతరు. అందరికీ సాగదీస్తే మారయ్యకు పిచ్చి లేసిందంటరు. అననీ, నాదేం పోయింది?" అని చెంబెత్తి నీళ్ళు తాగాడు. "ఆమెకు చెప్పకు. తెలిసిందంటే పాట బందు చేస్తది."

విజేందర్‌కు మామ కాళ్ళమీద పడాలనిపించింది. ఈలోగా పుల్లమ్మే గబగబా నడుచుకుంటూ వచ్చింది.

"బిడ్డా విజేందర్, మీ మామనేమనకు. నాలుగేండ్ల సంది ఆయనకు గదొక బీమారి. అందుకున్నడంటే ఇడువడు. ఆయన వంత అయిపోయేదాంక నేనే జర ఆగుతున్న. నేను గాకపోతే గీ మనిషిని ఎవరు ఓర్సుకుంటరు చెప్పు?"

విజేందర్ మామ వైపు చూశాడు. ఆయన ఏమీ ఎరగనట్టు చెంబును కుండమీద బోర్లించాడు.

"నిజమే పెద్దమ్మా, మామకు నువ్వే దిక్కు" అన్నాడు విజేందర్.

"దిక్కో... నువ్వే దిక్కో" అని అందుకున్నాడు మారయ్య, రెండుసార్లు, తీరిగ్గా.

ఆ రెండూ అయ్యేలోపల పుల్లమ్మ నిండుగా ఊపిరి పీల్చుకుంది. పీల్చుకుని, "చూసినవా, నేను చెప్పలే?" అంది జాలిగా.