పసుపు పూసిన పలక

ఆ రోజుల్లో మా ఇంట్లో కంప్యూటర్ల సంగతి తెలిసినవాడంటే నేనొక్కడినే. ఏం తెలుసని ఎవరూ అడగలేదు కాబట్టి పరువు దక్కింది. పెద్దమ్మ ఫోన్ మూగబోతే ఒకసారి మోగించాను (పక్కనున్న బటన్ కిందికి జారిపోయిందంతే). ఆ ఒక్క ఘనకార్యంతో ఒడిశాలోని బరంపురం గేట్ బజార్‌లో మా పెదనాన్న పప్పుల కొట్టు నుంచి వీధి చివరి బట్టల కొట్టు దాకా నేను 'ఇంజనీరు'నైపోయాను. డిగ్రీ తప్పి, శనగల బస్తా మీద కూర్చుని కాలక్షేపం చేస్తున్నవాడికి ఊరికే వచ్చిన బిరుదు చేదా? కాదనలేదు. కాదని ఉంటే ఈ కథే లేదు.

అప్పటికే పెదనాన్నకు చూపు తగ్గిపోతోంది. నీటికాసులన్నాడు డాక్టరు. పోయిన చూపు రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేననీ అన్నాడు. పెదనాన్న కాశీకి వెళ్ళాలనలేదు, తిరుపతి పేరెత్తలేదు. ఆయనకు కావలసిందల్లా హంతకుడెవరో తెలియడం. (కంగారు పడకండి.) కుర్రతనంలో ఆయన ఒక వారపత్రికలో డిటెక్టివ్ సీరియల్ చదివేవాడట. పత్రిక ఆంధ్రా నుంచి రైల్లో వచ్చేది. సరిగ్గా చివరి భాగం రావలసిన వారం వరదకు పట్టాలు కొట్టుకుపోయి, ఆ కట్ట బరంపురం చేరనే లేదు. జమీందారును చంపిందెవరో తెలియకుండానే ఆయన పెళ్ళి చేసుకున్నాడు, కొట్టు పెట్టాడు, జుట్టు నెరిపించుకున్నాడు. అనుమానం మాత్రం మొదటి నుంచీ ఆ జమీందారు గుమాస్తా మీదే. "ఏ తాళం ఎక్కడుంటాదో లెక్కలు రాసీవోడికే తెలుస్తాదిరా" అనేవాడు. కాటా దగ్గర నిలబడ్డ మా గుమాస్తా ఆ మాట విన్నప్పుడల్లా మొహం మాడ్చుకునేవాడు.

ఆ నవల ఇప్పుడు ఈ-పుస్తకంగా దొరుకుతోందని తెలిసి ఎగిరి గంతేశాను. ఆఖరి పేజీ ఎవరిచేతనైనా చదివించి చెప్పేస్తానంటే పెదనాన్న ఒప్పుకోలేదు. "ముందు నుంచీ సదవాల. తిన్నగా కడకెల్లిపోతే అది కత కాదురా, కబురు." ఫోన్ వెలుతురు ఆయన కళ్ళలో గుచ్చుకునేది. అందుకని ఒక స్నేహితుడి దగ్గర వాడేసిన ఈ-బుక్ రీడరు సంపాదించాను. కాగితంలా చల్లగా ఉండే తెర, అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దదవుతుంది. పెద్దమ్మ దానికి 'పలక' అని పేరు పెట్టేసింది. తీరా పుస్తకం ఎక్కించి చూస్తే తెలుగుకు బదులు అగ్గిపెట్టెలు పేర్చినట్టు వరసగా ఖాళీ గడులు! ఆ పాత యంత్రానికి మన భాష రాదు. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి, ఎవరో ఔత్సాహికులు తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టినది ఎక్కిస్తే తెలుగు కనిపిస్తుందని చదివాను. అదే పెదనాన్నకు చెప్పాను.

"అంటే దొంగసరుకా?"

"దొంగసరుకు కాదు పెదనాన్నా. ఊరికే ఇస్తారు."

"ఊరికినా? మరి ఆళ్ళకేటి లాభం?"

లాభం లేకుండా ఎవరైనా సరుకిస్తారన్న మాట గేట్ బజార్‌లో ఎలా నమ్మించను? చివరికి ఆయనే, "ఎవులో మారాజులు. కానీరా" అన్నాడు.

కానిమ్మన్నాడు గానీ, మాది కోమటి ఇల్లు. కొత్త కాటా వచ్చినా, కొత్త తాళం వచ్చినా పూజ కాకుండా వాడం. రాహుకాలం వెళ్ళేదాకా పెద్దమ్మ నన్ను లాప్‌టాప్ ముట్టనివ్వలేదు. పలకకు తడి పసుపు పూసింది, నాలుగు మూలలా కుంకుమ పెట్టింది, కింద నిమ్మకాయ పెట్టబోతే నేనే ఆపాను ("బండి కాదు పెద్దమ్మా, కదలదు"). కొబ్బరికాయ కొట్టాక కేబుల్ గుచ్చి, ఇన్‌స్టాల్ నొక్కాను. తెర మీద నల్లటి గీత ఒకటి మెల్లగా పాకుతూ సగం దాకా వచ్చి ఆగింది. ఆగిందంటే ఆగింది. బటన్లు నొక్కాను, ఊదాను, దండం పెట్టాను. పలక చచ్చిపోయింది.

ఆ తెరతో చిక్కేమిటంటే, ప్రాణం పోయినా దాని మీది బొమ్మ పోదు. సగం గీత అలాగే నిలిచిపోయింది. పెదనాన్న రోజూ పొద్దున్నే దాన్ని కంటికి ఆనించుకుని చూసి, "ఇంకా అవుతోందేటిరా?" అనేవాడు. నేను "అవుతోంది పెదనాన్నా" అనేవాణ్ణి. "ఓలమ్మా, మంచి పని నిదానంగానే అవుతాది" అని పెద్దమ్మ వంత పాడేది. ఆయన చూపు మాత్రం నిదానించలేదు. ఆ నడుమనే ఒకరోజు ఎదురుగా నిలబడ్డ నన్ను గుమాస్తా అనుకుని కందిపప్పు తూయమన్నాడు. గోదాములోకి వెళ్ళి ఏడ్చాను.

సిగ్గు విడిచి ఇంటర్నెట్‌లో ఆ మారాజులనే అడిగాను. తడి ఏమైనా తగిలిందా అని వాళ్ళలో ఒకాయన అడిగాడు. పసుపు అని రాశాను. పసుపెందుకు తగిలిందన్నాడు. పూజ చేశామన్నాను. ఆయన ఎంతో మర్యాదగా, 'మా సూచనల్లో ఆ మెట్టు లేదు' అని రాసి, కేబుల్ గుచ్చే రంధ్రం మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేసి, ఆరబెట్టి, ఫలానా బటన్ నొక్కిపెట్టి మళ్ళీ మొదలెట్టమన్నాడు. రంధ్రంలోంచి ఎండిన పసుపు పెళ్ళలుగా రాలింది. గీత ఈసారి చివరిదాకా పాకింది. గడులు పోయి గుండ్రటి అక్షరాలొచ్చాయి. అవి తెలుగో కాదో నాకు తెలియదు. మేం బరంపురం తెలుగువాళ్ళం, మాట తెలుగు, బడి ఒడియా. పెదనాన్న పలకను ముక్కుకు ఆనించుకుని, "జమీందారు..." అని పైకి చదివాడు. మా గుమాస్తా చప్పట్లు కొట్టాడు, పాపం తన మీద అనుమానం తీరిపోతుందని కాబోలు.

కొన్ని అధ్యాయాలు ఆయనే చదువుకున్నాడు. అక్షరాలు పెద్దవి చేశాం, మరీ పెద్దవి చేశాం, తెరకు నాలుగు పంక్తులే పట్టేంత చేశాం. ఆపైన అవీ కనబడలేదు. ఇక నేనే చదవాలి, నాకు తెలుగు చదవడం రాదు. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక నేను అక్షరం ఆకారం చెప్పేవాణ్ణి, ఆయన పేరు చెప్పేవాడు.

"గుండ్రంగా ఉంది పెదనాన్నా, తలకట్టుంది."

"పొట్టలో సుక్కుందా?"

"ఉంది."

"థ. కథలో థ. తరవాతేటి?"

ఇంతలో ఎవరో వచ్చి ఒడియాలో "హరడ డాలి ఒచ్ఛి?" అనేవారు. కందిపప్పు కట్టి ఇచ్చి వచ్చేసరికి నేను ఏ పంక్తిలో ఉన్నానో మరిచిపోయేవాణ్ణి. ఆయనకు గుర్తుండేది. అంత ఓపిక ఆయనకు ఎక్కడిదో! ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

వానాకాలంలో ఆయన్ని ఆసుపత్రిలో చేర్చాం. గుండె నీరసించిందన్నారు. పలక పట్టుకెళ్ళాను. ఇంకా కొన్ని పేజీలే ఉన్నాయి, కానీ నా చదువు నత్తనడక. ఆయన నా చేయి తడిమి పట్టుకుని, "సంపినోడెవుడ్రా? సూడు" అన్నాడు. ఆ గొంతు విన్నాక నాకు అక్షరాలు కూడబలుక్కునే ధైర్యం లేకపోయింది. తెర వైపు చూస్తూ గడగడా చదివేశాను. ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడనీ, గుమాస్తా జేబులోంచి తాళంచెవి కిందపడిందనీ, వాడు నేరం ఒప్పుకున్నాడనీ. పెదనాన్న కళ్ళు మూసుకుని అంతా విన్నాడు. "నాను సెప్పలేదా" అని నవ్వాడు. కాసేపయ్యాక నా చేతి మీద చిన్నగా తట్టి, "అంత బేగి సదవడం నీకెప్పుడొచ్చినాదిరా?" అన్నాడు.

మర్నాడు పొద్దున పోయాడు.

ఇప్పుడు కొట్టు నేనే చూస్తున్నాను. పలకను మళ్ళీ ఛార్జింగ్ పెట్టలేదు. ఆ రోజు పేజీ తెర మీద అలాగే నిలిచిపోయి, కాటా పక్కన ఆనించి ఉంది. దసరాకి కాటాతో పాటు దానికీ పెద్దమ్మ పసుపు పూస్తుంది (రంధ్రానికి ముందే నేను టేపు అంటిస్తాను). గుమాస్తా నన్ను ఇంకా ఇంజనీరు బాబూ అనే పిలుస్తాడు. ఆ ఇంజనీరును తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలేస్తుంది. తర్వాతి పేజీలో ఎవరున్నారో నేను చూడలేదు. పెదనాన్న తెలుసుకోని పేరు నాకెందుకు? తెలుగు మాత్రం పూర్తిగా వచ్చేసింది. ఆ పేజీలో హంతకుడు లేడు, తాళంచెవి లేదు. ఉన్నవి నాలుగు పంక్తులు. ఇన్‌స్పెక్టరు తడిసిన గొడుగు విదిలించి, కాఫీ ఉందా అని అడుగుతాడు. బేరాల్లేని మధ్యాహ్నాల్లో పైకి చదువుతూ ఉంటాను. ఇప్పుడు చాలా బేగి చదువుతాను, పెదనాన్నా.