లొరీన్ పెట్టిన తప్పు తిండి

మా ఊరి మ్యూజియంలో లొరీన్ టాగర్ట్ ముప్ఫయ్యేళ్లు పురుగులు పెంచింది. గొప్ప ఉద్యోగమేం కాదు. జాడీల్లో గొంగళిపురుగులకు ఆకులు వేయడం, పెంట ఎత్తిపోయడం, రెక్కలొచ్చాక సూది గుచ్చి పెట్టెల్లో అమర్చడం. నేను పక్కన కూర్చుని చీటీలు రాసేదాన్ని. పెద్ద చదువుల వాళ్లు మమ్మల్ని వంటింటి మనుషుల్లా చూసేవారు.

మా కొండల్లో, టార్‌బాక్స్ లోయలో, రాత్రిళ్లు దీపాల చుట్టూ తిరిగే ఓ బూడిదరంగు రెక్కల పురుగు ఉండేది. చూడ్డానికి పొలాల్లో కోకొల్లలుగా తిరిగే పురుగులాగే ఉంటుంది. కానీ ఆ పొలాల పురుగుల్లో మగవాటికి పొట్ట చివర వెంట్రుకల గొట్టాలుంటాయి. పొద్దు వాలాక వాటిని గాలితో ఉబ్బించి, వాసన చల్లి ఆడవాటిని పిలుస్తాయి. లొరీన్ జాడీల్లో పెరిగిన లోయ పురుగులకు ఆ గొట్టాలు లేవు. అందుకని చదువుల వాళ్లు దీన్ని వేరే జాతిగా లెక్కేసి, వంశవృక్షంలో దానికొక్కదానికే ఓ కొమ్మ గీశారు. ప్రపంచంలో దానికి దగ్గరి చుట్టమే లేదన్నారు. ఆ ఒక్క కారణంతోనే లోయలో రాగి గని తవ్వకుండా ఆపారు.

డెబ్భై తొమ్మిది ఆగస్టులో ఇద్దరం లోయకు వెళ్లాం. మునిమాపు వేళ, పశువులు తింటే చచ్చే పసుపు పూల కలుపు మొక్క మీద ఓ మగ పురుగు వేలాడుతోంది. ఉబ్బిన గొట్టాలు దాని ఒంటికంటే పొడుగున్నాయి. లొరీన్ రాళ్ల మీద మోకాళ్లూని దాన్ని దగ్గరగా చూసింది.

"ఓపల్, నేనేం పెట్టానే వాటికి?"

"లెట్యూస్ ఆకులు. ఇంకేం పెడతావు?"

ఆ మొక్క విషంలోంచే వాటికి వాసన వస్తుందని, ఆ విషం తినకపోతే గొట్టాలే పెరగవని ఆమెకప్పుడు అనుమానం వచ్చింది. సగం పురుగులకు ఆ కలుపు, సగానికి లెట్యూస్ పెట్టి పెంచింది. కలుపు తిన్న మగవాటన్నిటికీ గొట్టాలొచ్చాయి. అవి అచ్చం పొలాల పురుగులే.

మా మ్యూజియం పెద్ద హాలిస్ తలుపు మూసి చెప్పాడు: "గనివాళ్లు వేసిన కేసుకి వచ్చే వారమే విచారణ. మీరు నోరు విప్పకండి లొరీన్, అంతే చాలు."

నేనూ అదే అన్నాను. "నిజం ఎవడిక్కావాలే? ఆ గనివాళ్లకేగా."

"చెబితే లోయ పోతుంది. చెప్పకపోతే ఆ కొమ్మ అబద్ధం. రెండూ నా చేతుల మీదుగానే," అని ఏడ్చింది. ఆ వారమంతా ఆమె సరిగ్గా తిండి తినలేదు. నాకు జాలి కంటే, ఎక్కడ చెప్పేస్తుందోనన్న భయమే ఎక్కువ వేసింది.

విచారణలో ఆమెను బోనెక్కించి మా తరఫు లాయరు ఒక్కటే అడిగాడు: "మగవాటికి గొట్టాలు లేకపోవడం మీరు స్వయంగా చూశారా, మేడమ్?"

"చూశాను."

అది నిజమే. హాలిస్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె దిగి వచ్చేస్తే సరిపోయేది. దిగలేదు.

"నేను పెంచినవాటికి లేవు. నేను పెట్టిన తిండి తప్పు," అంటూ సంచిలోంచి గొట్టాలొచ్చిన పురుగుల పెట్టె తీసి బల్ల మీద పెట్టింది.

లోయ పోయింది. ఆర్నెల్లు ఆమెతో నేను మాట్లాడలేదు, పక్కపక్క కుర్చీల్లో కూర్చునే.

మార్చిలో గని తవ్వే మొదటి పేలుడుకి మా కిటికీలు అదిరాయి. లొరీన్ జాడీలో ఆకులు వేస్తూ ఆగిపోయింది. నావైపు చూడకుండానే అంది:

"అబద్ధం చెప్పుంటే బాగుండేది, ఓపల్. రోజూ అనిపిస్తోంది."

లేచి వెళ్లి ఆమె చేతిలోని ఆకులు అందుకున్నాను. మిగతా జాడీలకు నేనే వేశాను.