బి అక్షరంలో టికెట్ కిటికీ

ఆ పుస్తకంలో బొమ్మలు లేవు. బొమ్మలు ఉండాల్సిన చోట కన్నాలున్నాయి. ఎవరో బ్లేడుతో, స్కేలు పెట్టి మరీ, నాలుగు పక్కలా శుభ్రంగా కోసుకుపోయారు. ఒక కన్నంలోంచి చూస్తే వెనక పేజీలోని అక్షరాలు కనిపించేవి. ఇది జరిగి యాభై ఏళ్ళు దాటింది. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు. కోపంలో చించినవాడినైనా క్షమిస్తానేమో గానీ, స్కేలు పెట్టి కోసినవాడిని మాత్రం క్షమించను.

అది వ్యాపార గుర్తుల పుస్తకం. కంపెనీలు డబ్బాల మీద, బోర్డుల మీద వేసుకునే గుర్తు ఎలా కట్టాలో, అక్షరాన్నే బొమ్మగా ఎలా మలచాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకం. ఇప్పుడు లోగో అంటున్నారు. అప్పుడు మా ఖరగ్‌పూర్‌లో ఆ మాట ఎవరి నోటా వినలేదు, మార్కా అనేవాళ్ళం. రైల్వే వాళ్ళ క్లబ్బు లైబ్రరీలో, కుట్టుపని పుస్తకాల మధ్య దొరికింది. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. మెట్రిక్ పాసై, మా క్వార్టర్ల లైన్లలోని పిల్లలకి ఒకటో తరగతి చెబుతున్నాను. నాన్న వర్క్‌షాపులో పెయింటరు. రైలుపెట్టెల మీద నంబర్లూ అక్షరాలూ రాయడం ఆయన పని. లైబ్రరీ కార్డు ఆయనదే అయినా, దాని మీద తెచ్చే పుస్తకాలన్నీ నావే.

కన్నాలు చూసిన రోజే నాన్న చెప్పాడు, వెంటనే తీసుకెళ్ళి దాదాకి చూపించమని. దాదా అంటే లైబ్రరీ చూసుకునే బెంగాలీ ఆయన. నేను వెళ్ళలేదు. చూపిస్తే పుస్తకం తీసేసుకుంటారని భయం. బొమ్మలు పోయినా, ప్రతి బొమ్మ కిందా దాన్ని వివరించే రెండు మూడు లైన్లు మిగిలాయి. కోసినవాడికి మాటలతో పనిలేదు కాబట్టి వదిలేశాడు. ఆ మాటలతోనే నేను చదువుకున్నాను.

ఒకచోట పక్షి రెక్క, అక్షరం గీత రెండూ ఒకటైపోయాయని ఉండేది. ఏ పక్షి, ఏ అక్షరం? చెప్పేవాడు లేడు. నేనే కాకిని పెట్టి చూసి, కొంగను పెట్టి చూసి, పెన్సిలు విరిచి, మళ్ళీ చెక్కేదాన్ని. కన్నం కొలతకి కాగితం కత్తిరించి, బొమ్మ వేసి, ఆ కన్నంలో ఆనించి చూసుకునేదాన్ని. అలా మూడు నెలలు. పక్కన కూర్చుని నాన్న తన ధోరణిలో తను చెప్పేవాడు, పై పొట్ట చిన్నదిగా, కింది పొట్ట పెద్దదిగా ఉంటేనే అక్షరం నిలబడుతుందని. అక్షరం లోపలి ఖాళీని వాళ్ళ షాపులో పొట్ట అనేవాళ్ళు. నేను ఊఁ కొట్టి మళ్ళీ పుస్తకంలో తల పెట్టేదాన్ని. అచ్చులో ఉన్నదే చదువనుకునే రోజులు.

ఒక కన్నం కింది మాటలు మాత్రం నన్ను వారం రోజులు తినేశాయి. రొట్టెల కంపెనీ మార్కా, బి అక్షరం, కింది కౌంటర్ తెరిచి ఉంచడంతో గుర్తుకి గాలి ఆడింది, అని. అక్షరానికి కౌంటరేమిటి? డిక్షనరీ చూశాను. కొట్లో, బ్యాంకులో మనిషికి అడ్డంగా ఉండే బల్ల అంది. రైలు ఊళ్ళో పుట్టినదాన్ని, నాకు కొట్టూ బ్యాంకూ ఎందుకు గుర్తొస్తాయి? కౌంటర్ తెరిచారా, కౌంటర్ మూసేశారా అనే మాటలు వింటూ పెరిగాను. బుకింగ్ ఆఫీసు కిటికీ కళ్ళ ముందుకొచ్చింది. పైకెత్తే చెక్క తలుపు, అడుగున చెయ్యి దూరేంత అర్ధచంద్రపు కన్నం. ఇంగ్లీషు బి అక్షరం కింది గదిలో ఆ కిటికీ పెట్టి, తలుపు పైకెత్తి, అడుగున అర్ధచంద్రం గీశాను. బాగా కుదిరింది. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు, నిజంగానే బాగా కుదిరింది.

పుస్తకం తిరిగి ఇచ్చిన రోజున దాదా పేజీలు తిప్పి చూశాడు. వెనక అట్టకి అంటించిన, పుస్తకం తీసుకున్నవాళ్ళ నంబర్లు రాసే చీటీలో ఒక్క నాన్న నంబరే ఉంది. అంతే. నేను మొత్తుకున్నాను, ముందే ఇలా ఉందన్నాను. అయితే ముందే ఎందుకు చెప్పలేదన్నాడు. మర్నాటికల్లా నోటీసు బోర్డు మీద కాగితం వేలాడింది. పేజీలు కోసినందుకు కార్డు రద్దు అని, కింద నాన్న పేరు, వర్క్‌షాపు హాజరు టికెట్ నంబరు. షాపులోంచి అరిగిపోయిన బ్రష్షు కూడా ఇంటికి తేని మనిషి మా నాన్న. లైబ్రరీ కమిటీలో డ్రాయింగ్ ఆఫీసు ఆయన ఒకడుండేవాడు. మా చర్చి మనిషే, నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన నాన్నని పక్కకి పిలిచి, పిల్లని కాస్త అదుపులో పెట్టుకోమని హితవు చెప్పాడట. నాన్న ఆ తర్వాత డ్యూటీకి క్లబ్బు ముందునుంచి వెళ్ళడం మానేసి, చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాడు. సైకిలు ఆ పక్క సందులోకి తిరిగినప్పుడల్లా నేను పళ్ళు కొరికేదాన్ని.

ఆ కాగితం బోర్డు మీద ఉండగానే, రైల్వే కుటుంబాలు కొన్ని కలిసి గోల్‌బజార్‌లో సహకార భాండార్ పెట్టుకున్నాయి. బోర్డుకీ, సంచులకీ ఒక మార్కా కావాలన్నారు. భాండార్‌కి బి. సామాన్ల కొట్టుకి తెరిచిన కిటికీ. ఇంకేం కావాలి? నా బి ఇచ్చేశాను.

ఆదివారం చర్చి అయ్యాక కమిటీ పిలిచింది. నేనూ నాన్నా వెళ్ళాం. సెక్రటరీ గూడ్స్ ఆఫీసులో గుమాస్తా, బెంగాలీ పెద్దమనిషి. కాగితం చేతిలోకి తీసుకుని చాలా మెచ్చుకున్నాడు. ఆయన పక్కన కూర్చున్నది ఎవరనుకున్నారు? బాబాయే. ఏ కమిటీ వేసినా అందులో ఉండే మనుషులు కొందరుంటారు. ఇది సొంత బొమ్మ కాదు, పుస్తకంలోంచి దించిందని ఆయన తీర్పు చెప్పేశాడు.

"మన పిల్లే గానీ తప్పు తప్పే కదా. ఇదిగో, సూడండి," అని జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

ఆ కాగితం కొలత నా వేళ్ళకి తెలుసు. మూడు నెలలు ఆ కన్నానికి సరిపోయేలా కాగితాలు కత్తిరించినదాన్ని. తీసి వెనక్కి తిప్పాను. లైబ్రరీ ఊదారంగు ముద్ర. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇది మీ దగ్గరికెలా వచ్చిందని అడిగాను. ఆఫీసు పనికి పనికొస్తాయని తీసి భద్రంగా దాచానన్నాడు, మహోపకారం చేసినట్టు. నేను సెక్రటరీ వైపు చూశాను. ఆ సంగతి లైబ్రరీ వాళ్ళు చూసుకుంటారు, ముందు ఇది కాపీయా కాదా తేలాలి, అన్నాడాయన. దొంగ కళ్ళెదురుగా కూర్చుంటే విచారణ మాత్రం నాకు.

అప్పుడు చూశాను ఆ బొమ్మని, మొదటిసారి. బి కింది గుండ్రం నిలువు గీతకి తగలకుండా ఆగిపోయింది. లోపలి తెలుపు ఆ సందులోంచి బయటికి వచ్చేసింది. కిటికీ లేదు, తలుపు లేదు, అర్ధచంద్రం లేదు. కౌంటరంటే అక్షరం లోపలి ఖాళీ అని ఆ క్షణంలో తెలిసింది. ముఖం వేడెక్కిపోయింది. నేను దొంగని కాదని చెప్పుకోవాలంటే తెలివితక్కువదాన్నని చెప్పుకోవాలి, అదీ అంతమంది ముందు.

"కౌంటరంటే ఏటో నాకు తెలీదండి. బుకింగ్ కౌంటర్ అనుకున్నాను. ఈ బొమ్మ సూసుంటే ఈ కిటికీ ఎందుకు గీస్తాను?" అన్నాను.

నవ్వారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా, కళ్ళు తుడుచుకుంటూ, బుకింగ్ కౌంటరట అని ఒకరికొకరు చెప్పుకుంటూ నవ్వారు. ఆ నవ్వే నన్ను విడిపించింది. నీ తప్పు లేదమ్మా అని ఒక్క నోరూ అనలేదు. బాబాయి కూడా నవ్వుతూనే కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"అదిక్కడ పెట్టండి, బాబాయ్. అది పుస్తకానిది."

నవ్వు ఆగింది. ఆయన కాగితం పెట్టాడు.

ఆ వారంలో నోటీసు తీసేశారు, కార్డు తిరిగి ఇచ్చారు. క్షమాపణ మాత్రం లేదు. దాదా బల్ల మీద రోజుకి రెండేసి, మూడేసి చొప్పున పోయిన బొమ్మలు ప్రత్యక్షమయ్యాయట. ఎవరు పెట్టారో తను చూడలేదన్నాడు. బాబాయి రెండు కమిటీల్లోనూ అలాగే కొనసాగాడు, చర్చిలో ముందు వరసలోనే కూర్చున్నాడు.

నా మార్కా ఒప్పుకున్నారు. బోర్డు రాసే పని నాన్నకే ఇచ్చారు. సెలవు రోజు మా క్వార్టరు ముందు రేకు పరుచుకుని కూర్చున్నాడు. కిటికీ తీసేసి పుస్తకంలోలా మార్చమన్నాను. వాళ్ళ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. ఆయన ఒప్పుకోలేదు. నా కిటికీని ఉన్నదున్నట్టు దించి, అర్ధచంద్రం దగ్గర బ్రష్షు నెమ్మదిగా తిప్పాడు.

"ఆ బొమ్మలో తెరిసింది పొట్టే కదమ్మా," అన్నాడు తల ఎత్తకుండా. "బుక్కుని అడిగినావు, డిక్షనరీని అడిగినావు. నన్నెందుకు అడగలేదు?"

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది, ఎదురు తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. టర్పెంటైన్ డబ్బా ఆయన చేతికి దగ్గరగా జరిపాను. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. బాబాయి మీద కోపం ఇప్పటికీ వస్తుంది, నోరారా తిట్టుకుంటాను. తిట్టి తిట్టి చివరికి ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతాను. అక్కడ తిట్టడానికి నేను తప్ప ఎవరూ ఉండరు.