పెట్రోలు వాసన పట్టే పెద్దమ్మ

మా పెద్దమ్మ మొన్న ఆదివారం పొద్దున కన్నుమూసింది. కబురు తెచ్చిన పక్కింటామె మా గుమ్మంలోనే నిలబడి, “చాయ్ తాగి జరసేపు ఒరుగుతా అన్నదమ్మా, మళ్ల లేవలే” అంది. నిజం చెప్పాలంటే నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఎవరో ఒకరు ఈపాటికి ఆమె తలాపున ఊదుబత్తులు ముట్టించి ఉంటారనే ముందు తట్టింది. చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే లాల్‌దర్వాజా వైపు పరుగెత్తాను. ఎందుకంత ఆత్రమో మీకు తెలియాలంటే మా పెద్దబాపు సంగతి చెప్పాలి.

పెద్దబాపు, అంటే పెద్దమ్మ భర్త, ఫలక్‌నుమాలో ఒక రేకుల షెడ్డు పెట్టుకుని కారిపోయే పెట్రోలు టాంకీలకు మాట్లు వేసేవాడు. రబ్బరు గొట్టం నోట పెట్టుకుని పెట్రోలు పీల్చీ పీల్చీ, మాటుకు వాడే నవసాగరం పొగ మింగీ మింగీ ఆయనకు వాసన తెలియకుండా పోయింది. అన్నం మాడినా పసిగట్టలేడు. “నా వంటకు వంక వెట్టని మొగుడు దొరికిండు” అని పెద్దమ్మ నలుగురిలో నవ్వేది.

నవ్వులాట అలా ఉంచితే, ఆ పనికి ముక్కు లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. టాంకీలో పెట్రోలంతా తీసేసినా ఆవిరి మిగిలి ఉంటుంది. దానికి మంట తగిలితే పేలుతుంది. చాలామంది టాంకీని నీళ్లతో నింపి, చిల్లు ఉన్నచోట మాత్రం పైకి పెట్టుకుని పని చేస్తారు. పెద్దబాపుకు అది నచ్చేది కాదు. “నీళ్లుంటే వేడి పట్టది, మాటు నిల్వది. నాకు నీళ్లెందుకు, మా ఇంటిదాని ముక్కున్నది” అనేవాడు. చాకలి సోడా కలిపిన వేడినీళ్లతో టాంకీని కడిగి, ఆరబెట్టి, పెద్దమ్మ ముందు పెట్టేవాడు. ఆమె టాంకీ మూతికి ముక్కు ఆనించి కళ్లు మూసుకునేది. “ఇంకోపారి కడుగు” అంటే మారుమాట లేకుండా కడిగేవాడు. “ఊఁ, ముట్టియ్యి” అంటేనే మంట ముట్టించేవాడు.

పని ఉన్న రోజు ఆమె జడలో పూలు పెట్టేది కాదు, ఉల్లిగడ్డ కోసేది కాదు. నేను టెలిఫోన్ ఆఫీసులో చేరిన కొత్తలో సెంటు పూసుకుని, గొప్పగా షెడ్డుకు వెళ్లాను. “నువ్వు గా రోడ్డవతల కూసో బిడ్డా, నీ సెంటు నా మొగుణ్ణి సంపుతది” అని తరిమింది. అప్పుడు అందరం నవ్వుకున్నాం.

అరవైల చివర, ఒక ఆషాఢంలో, షెడ్డు ముందుకు ఒక ఇల్లు బండి వచ్చింది. పాత విదేశీ పెట్రోలు బస్సు అది. సీట్లు పీకేసి లోపల మంచం, అలమారా, స్టవ్వు అమర్చుకున్నారు. ఊరూరా తిరిగి ఇంద్రజాలం చూపించే ఒకాయన, ఆయన భార్య, పాలు తాగే పిల్ల అందులోనే కాపురం. బండి నిండా పెట్రోలు వాసన. అంతకుముందు ఎవరో మెకానిక్ ఇంజను దాకా ఉన్న పైపులన్నీ మార్చాడట, లాభం లేకపోయింది. వానకు కిటికీలు మూస్తే తల తిరుగుతోందని, పిల్ల పాలు కక్కేస్తోందని, భయంతో స్టవ్వు రోడ్డు మీద పెట్టుకుని వండుతున్నానని ఆ భార్య చెప్పింది.

మగవాళ్లిద్దరూ బండి కింద దూరితే, పెద్దమ్మ ఆమెనే అడిగింది.

“ఎప్పటికొస్తదా వాసన?”

“టాంకీ నిండ పోయించిననాడు మస్తొస్తదమ్మా. సగానికి దిగితే జర నయం.”

“అట్లయితే కిందికెల్లి గాదు, మీదికెల్లి వస్తున్నది” అని పెద్దమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి బండెక్కింది. చెక్క చెక్కకూ ముక్కు ఆనించుకుంటూ వెళ్లి, పిల్ల ఉయ్యాల కట్టిన మూల ఆగింది. “ఈడ. ఈ చెక్క పెట్రోలు తాగింది.”

పెద్దబాపు ఆ చెక్క ఊడదీశాడు. టాంకీ లోపలి గాలి బయటికి పోయేందుకు ఒక సన్నటి గొట్టం ఉంటుంది. అది బండి బయటికి తెరుచుకోవాలి. అలమారా చేసినవాడెవడో అడ్డం వస్తోందని దాన్ని కోసి, చెక్క వెనకే వదిలేశాడు. టాంకీ నిండుగా ఉండి బండి మలుపు తిరిగినప్పుడల్లా పెట్రోలు అందులోకి ఎగదన్ని చెక్కను తడిపేది. ఆవిరంతా పిల్ల తలకాడికే వచ్చేది. ఆ తల్లి పెద్దమ్మ చేతులు పట్టుకుని, “బాంబు పక్కన పండవెట్టుకున్ననా అమ్మా నా బిడ్డను” అని ఏడ్చింది.

పెద్దబాపు కొత్త గొట్టం వేసి, దాని కొస బండి బయటికి తీశాడు. కథ అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! టాంకీ అడుగున వెంట్రుకంత పగులు కూడా కనిపించింది. దానికి మాటు వేయాలి. వాళ్లకు సోమవారం జాతరలో ఆట ఉంది. మధ్యలో ఆదివారం, మా లాల్‌దర్వాజా బోనాలు.

ఆదివారం పెద్దబాపు టాంకీ దించి, రెండుసార్లు కడిగి పెద్దమ్మకు కబురు పెట్టాడు. ఆమె అప్పుడే బోనం దించి వచ్చింది. పొద్దుటి నుంచీ సాంబ్రాణి, గుగ్గిలం పొగలోనే నిలబడింది. నాకు సెలవు కాబట్టి నేనూ పక్కనే ఉన్నాను. ముఖాన పసుపుతోనే పెద్దమ్మ రిక్షా ఎక్కింది, వెంట నేనూ ఎక్కాను. జడలో వేపరెమ్మ ఉంటే గుర్తొచ్చి తీసి పారేసింది కూడా. రెమ్మ గుర్తొచ్చింది కానీ పొగ గుర్తు రాలేదు. గంటల తరబడి పొగలో ఉన్న ముక్కుకు తను పొగలో ఉన్నానని తెలియదు. నాకూ తట్టలేదు. వాసనే తెలియని పెద్దబాపుకు ఎలా తడుతుంది?

టాంకీ మూతికి ముక్కు ఆనించి కళ్లు మూసుకుంది. “ఏం వస్తలేదు. ఊఁ, ముట్టియ్యి” అని నాతోపాటు షెడ్డు బయటికి వచ్చింది.

ఆ చప్పుడు గురించి రాయలేను. పక్క షెడ్డు భాయ్ తడిగోనె పట్టుకుని ఉరికి వచ్చి, చేతులు కాలుతున్నా వదలకుండా మంటలార్పాడు. పెద్దబాపును దవాఖానకు తీసుకుపోయాం. స్పృహ ఉన్నంతసేపూ ఆయన ఒకటే మాట అన్నాడు. “పండుగ పూట పిలిచిన, నాది తప్పు. దాన్నేమనకుర్రి.” వారం తిరగకుండానే పోయాడు.

తన చేతులకు కట్లు విప్పాక భాయ్ అతుకు విచ్చుకున్న ఆ టాంకీని సుత్తితో సరిచేసి, నీళ్లతో నింపి తనే మాటు వేశాడు. “పానీ ఉంటే ఆవిరికి జాగ ఉండది భాభీ” అన్నాడు. పెద్దమ్మ పక్కనే నిలబడి చివరిదాకా చూసింది. ఇల్లు బండి వాళ్లు అన్నాళ్లూ ఊరు విడవకుండా ఉండి, తలలు వంచుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆమె గదిలో ఊదుబత్తి వెలగలేదు. దేవుడికి దీపం పెట్టేది, పొగ మాత్రం వేసేది కాదు. పూలు ఎలాగూ లేవు. ఇరుగుపొరుగు గొణుక్కునేవారు. ఆమె మాత్రం చేతిలో బిందెతో ఫలక్‌నుమా షెడ్ల వెంట తిరిగేది. ఎక్కడ టాంకీ కనిపించినా, “నీళ్లు నింపినవా?” అని నిలదీసేది. కొత్తగా వచ్చిన మెకానిక్‌లు విసుక్కునేవారు. ఎవరైనా, “జర వాసన చూడమ్మా, నీ ముక్కు మంచిదంట గదా” అంటే ముఖం మాడ్చుకునేది. “నాకు రాలేదంటే లేదని గాదు బిడ్డా. నీళ్లు నింపు” అని బిందె వంచేది. నాకు తెలిసినంతలో ఆ వరుసలో మళ్లీ ఎవరూ కాలలేదు. ఈ మాట ఆమె బతికుండగా చెప్పాల్సింది, చెప్పినా ఒప్పుకునేది కాదు.

ఒకసారి ఉండబట్టలేక, “నీ తప్పేం లేదు పెద్దమ్మా” అన్నాను.

“తప్పని ఎవలన్నరు? నేను నా ముక్కును నమ్మిన. ఆయన నన్ను నమ్మిండు. గంతే” అని బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

మొన్న ఆదివారం నేను చేరేసరికి అనుకున్నంతా అయింది. తలాపున గ్లాసులో బియ్యం పోసి గుత్తెడు ఊదుబత్తులు గుచ్చారు. గది పొగతో నిండిపోయింది. శవం దగ్గరివి తీయమంటే పెద్దవాళ్లు ఏమంటారోనని నోరు రాక, గోడకు ఆనుకుని ఏడుస్తూ నిలబడ్డాను.

అప్పుడు భాయ్ వచ్చాడు. ముసలివాడైపోయాడు. చేతుల మీద ఆనాటి మచ్చలు అలాగే ఉన్నాయి. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి చూసి, ఎవరినీ అడగకుండా వచ్చి గ్లాసు తీసుకున్నాడు. ఆడవాళ్లు ఏదో అనబోయారు.

“భాభీకి పడది” అన్నాడు.

వాకిట్లో ఆమె బిందె నిండుగానే ఉంది. ఊదుబత్తులను తలకిందులుగా అందులో ముంచాడు. చుయ్యిమన్నాయి. నేను కిటికీ తెరిచాను. పొగంతా పోయేదాకా ఆమెను ఎత్తవద్దని మగవాళ్లకు చెప్పి, భాయ్ గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.