సిలువల చేను

తొంభైల చివర్లో మా ఊళ్ళో పత్తికి మందు కొట్టడం మగతనం కింద లెక్క. చొక్కా విప్పేసి, పంపు వీపుకు తగిలించుకుని, నోట్లో బీడీతో కొట్టేవాడు మొనగాడు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నవాణ్ణి కొత్త పెళ్ళికూతురని ఏడిపించేవాళ్ళు. మా ఆయన మొనగాడే. ఒకరోజు మధ్యాహ్నం మందు ఎక్కి, చేలోనే నురగలు కక్కుకుంటూ పడిపోయాడు. అద్దంకి ఆసుపత్రిలో తమవల్ల కాదన్నారు. ఒంగోలు తీసుకెళితే అక్కడి డాక్టరు బతికించి, నన్ను పక్కకు పిలిచాడు.

"ఇంకోసారి పంపు ఎత్తితే నా దగ్గరికి తీసుకురావద్దమ్మా, నేనేం చేయలేను" అన్నాడు. ఆ మాట ఆయనకు కాకుండా నాకెందుకు చెప్పాడంటే, చెప్పినా వినే రకం కాదని మొహం చూడగానే తెలిసి ఉంటుంది.

మా చేను గుండ్లకమ్మ ఏటి ఒడ్డున. ఊరి పంపులన్నీ కడిగేది ఆ నీళ్ళలోనే, గేదెలు తాగేదీ ఆ నీళ్ళే. చేపలు తెల్లగా తేలితే ఏదో తెగులు వచ్చిందనుకునేవాళ్ళం. అంత తెలివైన ఊరు మాది. పచ్చపురుగు చావకపోతే మందుల కొట్టాయన ఇంకో డబ్బా కలిపి కొట్టమనేవాడు. దానికీ చావకపోతే మూడోది ఇచ్చేవాడు. పురుగు మాత్రం పెళ్ళిభోజనం తిన్నట్టు తిని బలిసేది.

ఆ ఏడే ఏదో సంస్థ తరఫున ఒకాయన భుజాన సంచీతో, చేతిలో చార్టుతో దిగాడు. సుస్థిర వ్యవసాయం అన్నాడు. మగవాళ్ళంతా గౌరవంగా తలూపారు, ఒక్కడికీ అర్థం కాలేదు. వేపగింజల కషాయం కొట్టాలన్నాడు. చేను చుట్టూ ఆముదం వేయాలన్నాడు. మధ్యలో పక్షి స్థావరాలు పెట్టాలన్నాడు. అంటే కర్రలు పాతితే పిట్టలొచ్చి వాటి మీద కూర్చుని పురుగుల్ని ఏరుకు తింటాయట. టీ తాగడం అవగానే మగవాళ్ళు లేచిపోయారు. నాకు వేరే దారి లేదు గనక నేను మిగిలాను.

"మందు కొట్టకుండా పత్తి పండుద్దా అండీ?" అని అడిగాను.

"పండుతుందమ్మా. పిట్టల్ని నమ్మండి" అన్నాడు.

మొగుణ్ణి నమ్మి ఇంతకాలం నెట్టుకొచ్చినదాన్ని, పిట్టల్ని నమ్మడానికేం అనుకున్నాను.

కంపకర్రలు కొట్టుకొచ్చి ఒక్కోదానికి అడ్డకర్ర కట్టాం. చార్టులో అడ్డకర్ర కొసనే ఉంది. మా ఆయన కడితే అక్కడ నిలవక జారిపోతోందని జానెడు కిందకు దించి కట్టాడు. చేనంతా పాతాక గట్టెక్కి చూశాను. పత్తిచేను కాదది, సిలువలు పాతిన సమాధుల దొడ్డి.

సాయంత్రానికల్లా మేం మతం మారామని ఊరంతా పాకింది. చావు దగ్గరికి వెళ్ళొచ్చినవాడు గదా, మొక్కుకుని ఉంటాడన్నారు. మా అత్తగారు వాకిట్లో కూలబడి, "నా కొడుకు బతికాడనుకున్నా గానీ ఇట్టా అయిపోతాడనుకోలా" అని రాగం తీసింది. మర్నాడు మాలపల్లె నుంచి పాస్టరుగారు వచ్చారు. పాపం, ఉతికిన పంచె కట్టుకుని, ఎంతో సంతోషంగా వచ్చారు.

"దేవుడు మీ గుమ్మం తట్టాడని విన్నానమ్మా. ప్రార్థన చేసి పోదామని వచ్చా" అన్నారు.

"అయ్యా, అవి పిట్టలు కూర్చోడానికండీ" అన్నాను.

ఆయన అయినా సరే, పిట్టల్ని చేసింది కూడా ఆ దేవుడే కదమ్మా అని ప్రార్థన చేసే వెళ్ళారు. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో గుడి కమిటీ పెద్దాయన దిగాడు.

"ఏమ్మా, మొక్కుకుంటే మొక్కుకున్నారు. మరీ ఇన్ని సిలువలెందుకు, ఒకటి చాలదూ?" అన్నాడు.

ఆయనకూ పిట్టల సంగతే చెప్పాను. నమ్మలేదు. ఈ గొడవంతా పడలేక మా అత్తగారు పొద్దున్నే చేలోకి వెళ్ళి ప్రతి కర్రకూ పసుపు రాసి బొట్టు పెట్టింది. దాంతో ఊరు శాంతించింది గానీ, అద్దంకి సంతకు పోయే పక్క ఊరి ఆడవాళ్ళు ఆగి దణ్ణాలు పెట్టుకోవడం మొదలైంది. ఎవరో ఒక కర్ర మొదట్లో నిమ్మకాయ కూడా పెట్టిపోయారు. ఇన్ని మతాల వాళ్ళు వచ్చారు, ఒక్క పిట్ట రాలేదు.

ఎక్కణ్ణుంచి వస్తాయి? ఏటికి మా వైపు ఒడ్డున ఉన్న చెట్లన్నీ కొట్టి పొగాకు ఎండబెట్టే బ్యారన్ల పొయ్యిల్లో తగలేశాం. మిగిలిన పిట్టలు మందు తాగిన పురుగుల్ని తిని చచ్చాయి. ఇప్పుడు కంపకర్రలు నాటి, దయచేసి కూర్చోండని వాటిని బతిమాలుతున్నాం. సిగ్గు అనేది ఉంటే పడాల్సిన సందర్భమే.

ఈలోగా పచ్చపురుగు కాయల్లోకి దిగింది. గట్టు అవతలి రైతు మందు కొడుతూ, "ఏరా, పిట్టలు బస్సెక్కినయ్యా, ఇంకా లేదా?" అని రోజూ కేకేసేవాడు. మా ఆయన తలొంచుకుని చీపురుతో కషాయం చల్లేవాడు. ఒక పొద్దున చూస్తే ఇంట్లో ఆయనా లేడు, పంపూ లేదు.

పరుగున చేలోకి వెళ్ళాను. మందు కలిపేసి, పంపు వీపుకెత్తుకున్నాడు. నాకొచ్చింది కోపం కాదు, భయం. వెళ్ళి ఆయన ముందు, సాలు మధ్యలో నిలబడ్డాను.

"గాలి నీ వైపుంది. పక్కకి జరుగు" అన్నాడు.

"జరగను. కొట్టండి."

"పిచ్చా నీకు? మందు ఎక్కుద్ది."

"మీకెక్కితే ఒంగోలు నేను మోసుకెళ్ళా. నాకెక్కితే మీరు మోసుకెళ్ళండి. దారి తెలుసుగా."

ఆయన చెయ్యి పంపు పిడి మీదే ఉంది. గట్టు అవతలాయన పని ఆపి చూస్తున్నాడు. మా ఆయనకు అసలు బాధ పురుగు గురించి కాదు, ఆ చూపు గురించే. చివరికి పంపు దించాడు. దించి, ఆ మందంతా ఏట్లో పారబోయడానికి బయల్దేరాడు. నెత్తి కొట్టుకుని మళ్ళీ నేనే అడ్డం పడ్డాను.

ఆ తర్వాత ఇద్దరం వంగి పురుగుల్ని చేత్తో ఏరాం. ఊరు కడుపుబ్బ నవ్వుకుంది. కొద్దిరోజులకు ఏటి అవతలి తుమ్మల్లోంచి గోరింకలు దిగాయి. వాటి వెనకే తోక రెండుగా చీలిన నల్లపిట్టలు వచ్చాయి. పసుపనీ ప్రార్థననీ చూడకుండా కర్రలన్నిట్నీ ఒకేలా రెట్టలతో నింపాయి. మా గొప్పేం లేదు. విషం లేని పురుగు ఊరు మొత్తానికి మా చేలోనే దొరికింది మరి. వానలకు మా ఆయన ఒడ్డు వెంట కానుగ మొక్కలు నాటాడు, నేను చెప్పానని కాదట, తనకే తోచిందట.

ఆ ఏడు మాకు పత్తి పక్కచేలకంటే తక్కువే వచ్చింది. ఆ సంగతి ఊళ్ళో అందరూ చెప్పుకున్నారు. మా ఆయన బతికి ఉన్నాడన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోలేదు. పత్తి తీసే రోజు ఆయన గట్టు మీద కూర్చుని, టీలో చక్కెర వేయడం కూడా చేతకాదా అని నా మీద ఊరంతా వినపడేట్టు అరిచాడు. ఇంకో రోజైతే నేనూ అరిచేదాన్ని. ఆ రోజు మాత్రం ఇంకాసేపు అరవనిచ్చాను.