కువైటు పెట్టెలో కొబ్బరి పీచు

మా సాలమోను మామయ్యగారికి ఒకటే పిచ్చి: ఖాళీ అట్టపెట్టెలు. మలికిపురంలో ఎవరు కువైటు నుంచి దిగినా జనం సెంటు సీసాల కోసం మూగితే, రిటైరైన ఈ డ్రిల్లు మాస్టారు టీవీ వచ్చిన పెట్టె కోసం కాపలా కాసేవారు.

"ఏమోయ్ వరప్రసాదం, దారిలో పెట్టెకేం దెబ్బ తగల్లేదు కదా?"

"లేదండి. నేను కూడా బాగానే వచ్చేనండి."

పెళ్ళిళ్ళలోనూ అంతే. "అమ్మాయ్, మిక్సీ నీది, పెట్టె నాది" అని పెళ్ళికూతురి పక్కనే నిలబడేవారు.

అప్పట్లో మా అమ్మ మేరీకి విపరీతమైన దగ్గు. పొయ్యి పొగ మానకపోతే ఊపిరితిత్తులు దక్కవని అమలాపురం డాక్టరుగారు తేల్చేశారు. గ్యాసుకి పేరు రాయించి ఏళ్ళైనా అతీగతీ లేదు. ఓ రోజు మామయ్యగారు కొబ్బరి పీచు దట్టించిన బుట్ట పట్టుకొచ్చారు.

"ఒక పొంగు రాగానే గిన్నె దించి ఇందులో పెట్టి కప్పెయ్యమ్మా. అన్నం దానంతటదే ఉడుకుద్ది. పొయ్యి ఆర్పేసుకోవచ్చు."

"బాగుందండి అన్నయ్యగారూ! ఎదురింట్లో గ్యాసు మీద వండుకుంటుంటే, నేను అన్నాన్ని కోడిపెట్టలా పొదగాలా? నలుగురూ నవ్వరూ?"

ఆయన బుట్ట తీసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు అదే పీచు వరప్రసాదం టీవీ పెట్టెలో వచ్చింది.

"కువైటు సరుకమ్మా. అక్కడ ఇంటింటా ఇదే" అన్నారు. అబద్ధమాడితే ఆయన చెవులు ఎర్రబడేవి.

అమ్మ అరబ్బీ అక్షరాలు వీధిలోకి కనపడేలా దాన్ని పెట్టుకుంది. ఇంకేముంది, వీధి ఆడవాళ్ళంతా మామయ్యగారింటికి బారులు తీరారు. "మాకూ కువైటుదే కావాలండి!"

ఆ క్రిస్మస్‌కి అమ్మ చర్చిలో ఒక్కసారి కూడా దగ్గకుండా పాట పూర్తిగా పాడింది. ఆ గొంతు మాకు మిగిల్చిన మనిషికి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలవు.

రెండువేల మూడులో, గ్యాసు కూడా వచ్చేశాక, ఫ్రిజ్ కొన్నాను. షాపు కుర్రాళ్ళు ఇంటి దగ్గర పెట్టె చింపబోతే అమ్మ కేకేసింది. "చింపకండి బాబూ! అన్నయ్యగారికి కావాలి."

నేను ఉండబట్టలేక అడిగేశాను. "అమ్మా, నీ పెట్టె కువైటు సరుకు కాదని తెలుసా?"

"పెట్టె కువైటుదే. పీచు మన దొడ్లోది. ఆయన ఏరుకోడం నేను చూళ్ళేదనుకున్నావా?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తే వీధిలో ఇంకెవరు తీసుకునేవారురా? పాపం పక్కింటి నూకాలమ్మ నాకన్నా ఎక్కువ దగ్గేది."

అంతలో గుమ్మంలో మామయ్యగారు ప్రత్యక్షం. "ఫ్రిజ్ సంగతి సరే, పెట్టె తడవలేదు కదా?"

"ఆయ్, లేదండి. అన్నం తిని మరీ పట్టుకెళ్ళండి" అంది అమ్మ. గ్యాసు పొయ్యి పక్కనున్న కువైటు పెట్టె మూత తీసి, పొగలు కక్కుతున్న అన్నం వడ్డించింది.