మైపాడు పడవల్ని వెనక్కి పిలిచిన కారు

కారుకి మనుషులు కావలసిన రోజులవి. ఇప్పటి కార్లకి మనతో పెద్దగా పని లేదు. చీకటి పడితే వాటంతట అవే దీపాలు వెలిగించుకుంటాయి, చినుకు పడితే అద్దం తుడుచుకుంటాయి, బెల్టు పెట్టుకోకపోతే మనల్నే మందలిస్తాయి. అప్పటి కారు అలా కాదు. ఒకరు నడపాలి, ఇద్దరు తోయాలి, ఒకరు పక్కన కూర్చుని దేవుణ్ణి తలచుకోవాలి. మా ఇంట్లో ఈ ఉద్యోగాలన్నిటికీ మనుషులున్నారు కాబట్టే మా నాన్న కారు కొన్నాడని మా బావ అనేవాడు. (బావ అంటే మా అక్క మొగుడు. తోసే ఉద్యోగం ఆయనది. ఆ మాత్రం కక్ష ఉంటుంది కదా.)

నెల్లూరులో మా వీధివాళ్లు ఆ కారుని 'పెద్దమ్మ' అనేవారు. గుండ్రటి ఒళ్లు, నిదానమైన నడక, ఎక్కడ పడితే అక్కడ కూలబడి ఇక లేవనని మొండికేసే స్వభావం. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో పెద్దమ్మ ఆరోగ్యం బొత్తిగా క్షీణించింది. హెడ్‌లైట్లు వెలిగాయో లేదో చూడడానికి టార్చిలైటు కావలసి వచ్చేది. కార్బ్యురేటర్ పెట్రోలు తాగుతూ తాగుతూ పొలమారి దగ్గేది. కుడివైపు తిరగడానికి సిగ్నల్ వేస్తే హారను మోగేది, హారను నొక్కితే ఏదీ మోగేది కాదు. చివరికి ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ, అంటే తోసుకుంటూ వస్తూ, నాన్న తన నిర్ణయం చెప్పేశాడు. తడలో ఒకాయన పాత కార్లు కొంటాడట. ఆయన్ని రమ్మని కబురు పెట్టాడట.

నాకు ప్రాణం పోయినట్టయింది. నా వయసు కుర్రాళ్లందరికీ మోటారు సైకిళ్లు ఉండేవి, నాకు కారు ఉండేది. ఆఫీసులో నా పేరు తెలియనివాళ్లకి కూడా 'కారబ్బాయి' అంటే నేనని తెలుసు. కారు పోతే ఇక మిగిలేది ఉత్త అబ్బాయి. అందుకే ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్నని బతిమాలాను. లైట్లు మార్పిస్తాను, కార్బ్యురేటర్ బాగు చేయిస్తాను, వైరింగంతా కొత్తది వేయిస్తాను, ఒక్క అవకాశం ఇవ్వమన్నాను. నాన్న మజ్జిగ పోసుకుని, కలుపుకుని, తీర్పు చెప్పాడు.

“శనివారం మైపాడు దాకా పోయి రా. ఎవురూ తొయ్యకుండా ఇంటికొచ్చిందా, తడాయన్ని రావద్దంటా. తోసినారా, సోమవారం పంపించేస్తా.”

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. నేను దీపంతోనే కారు చక్కబెట్టడం మొదలుపెట్టాను. వెంకటాచలం దగ్గర హైవే పక్కన లారీల వైరింగ్ చేసే ఒకాయన ఉండేవాడు. అందరూ ఆయన్ని కరెంటు మామ అనేవాళ్లు. ఆయన దృష్టిలో ప్రపంచంలో లారీలూ, ఇంకా లారీలు కాలేకపోయిన బళ్లూ మాత్రమే ఉండేవి. మా కారుని చూసి, పాపం ఎదగలేదే అన్నట్టు జాలిపడ్డాడు. పాత వైర్లన్నీ బయటికి లాగి నేలమీద పోస్తే ఇడియాప్పం బుట్ట బోర్లించినట్టుంది. కార్బ్యురేటర్ విప్పి, పెట్రోల్లో కడిగి, సన్నటి జెట్లలో నోటితో ఊదాడు. నన్నూ ఊదమన్నాడు. (రెండు రోజులు నేనేం తిన్నా పెట్రోలు తాలింపు వేసినట్టే ఉంది.) కొత్త ఫ్యూజులు, కొత్త రిలేలు, హెడ్‌లైట్లకి హాలోజన్ బల్బులు. మామూలువి చాలన్నాను. చాలవన్నాడు. ఎదురుగా వచ్చే లారీవాడు మనల్ని చూసి భయపడాలి గానీ మనం వాణ్ణి చూసి భయపడకూడదన్నది ఆయన సిద్ధాంతం. పంపించేటప్పుడు మాత్రం కిటికీ మీద చెయ్యి వేసి ఒక మాట చెప్పాడు.

“ఇంజిను ఆపి లైట్లు మాత్రం వెయ్యబాకు అబ్బయ్యా. కళ్లు కొత్తయి గానీ బ్యాటరీ ముసిల్దే.”

శనివారం సాయంత్రం బయలుదేరే ముందు నాన్న బానెట్ మీద చెయ్యి ఉంచి సుదీర్ఘంగా ప్రార్థన చేశాడు. ఈ వాహనాన్నీ ఇందులో ప్రయాణించేవారినీ నీ చేతులకు అప్పగిస్తున్నామని ఆయన అంటుంటే, స్టీరింగు మాత్రం నువ్వే పట్టుకోరా అని బావ నా చెవిలో అన్నాడు. అమ్మ ఆమెన్ అంది. పెద్దమ్మ ఒక్క తిప్పుకే లేచింది.

ఆ ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు, అదే దాని గొప్పతనం. వరిచేల మధ్యగా, రొయ్యల గుంటల పక్కగా, ఒక్కసారీ పొలమారకుండా బుద్ధిగా గుటకలు వేసుకుంటూ పోయింది. ఎడమకి సిగ్నల్ వేస్తే ఎడమ దీపమే వెలిగింది. తోసే పని లేక పక్కసీట్లో బావకి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మైపాడు చేరేసరికి పొద్దు గుంకుతోంది. ఆ ఉత్సాహంలో రోడ్డు అయిపోయినా నేను ఆగలేదు. ఇసకలోకి దిగి, సముద్రానికి ఎదురుగా, గట్టినేల అనుకున్న చోట ఆపాను. దూరంగా పడవలు వలలు వేస్తున్నాయి. అలల చప్పుడు వినపడాలి, ఇంజిన్ ఆపరా అన్నాడు బావ. ఆపాను. లైట్లు వేశాను.

ఏం చెప్పమంటారు. నీళ్ల మీద పగలు పరిచినట్టయింది. డిమ్ము కొట్టమన్నాడు బావ, కొట్టాను. బ్రైటు వెయ్యమన్నాడు, వేశాను. డిమ్ము, బ్రైటు, డిమ్ము, బ్రైటు. ఇద్దరు పెద్దమనుషులం, ఒకరికి పెళ్లయింది, ఒకరికి ఉద్యోగం వచ్చింది, స్విచ్చుతో ఆడుకుంటున్నాం. కాసేపటికి పడవలు ఒక్కొక్కటే మావైపు తిరగడం కనిపించింది.

“చూడరా, నీ లైట్లు చూడ్డానికి వస్తాండారు” అన్నాడు బావ.

నేను నమ్మాను. ఆ సంబరంలో ఇంకో నాలుగుసార్లు కొట్టాను కూడా.

ఇంతలో ఊళ్లోనుంచి ఒకావిడ కొంగు బిగించుకుని పరుగున వచ్చింది. “ఎవురికేమయింది సామీ? పడవల్ని ఎందుకు పిలస్తాండారు?” అంది రొప్పుతూ. అప్పుడు తెలిసింది. చేతుల్లో ఫోన్లు లేని కాలం కదా, గాలి తిరిగినా, ఇంటి దగ్గర ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినా, ఒడ్డున లాంతరు ఎత్తి దించి, ఎత్తి దించి పడవల్ని వెనక్కి పిలవడం అక్కడి ఆనవాయితీ. అంత వెలుగు అన్నిసార్లు ఎత్తి దించినట్టు కనిపించేసరికి, ఊరు ఊరే మునిగిపోతోందనుకుని వలలు సగంలో లాగేసి వచ్చేశారు.

మొదటి పడవ దిగినతను నీళ్లోడుతూ మా దగ్గరికొచ్చి ఒకే మాట అడిగాడు. “ఎవురు పోయినారు?”

“ఎవురూ పోలేదన్నా” అన్నాడు బావ వినయంగా. “కారు పోతాదేమోనని చూసుకుంటాండాం.”

తర్వాత జరిగిన సంభాషణలో మా వంశవృక్షం ప్రస్తావన చాలాసార్లు వచ్చింది, దాన్ని వదిలేద్దాం. గొడవ పెద్దకాపు దాకా పోయింది. ఆ ఊరి కట్టుబాట్లకి ఆయనే పెద్ద. ఆయన కారునీ, మమ్మల్నీ, పడవల్లో మిలమిలలాడుతున్న నెత్తళ్లనీ చూశాడు. పడవల నిండా పడతాయనుకున్న చోట నాలుగు గంపలకి సరిపడా చిన్నచేపలే పడ్డాయి. చేపలు తీసుకుపోయే ఆటో పొద్దున గానీ రాదు, అప్పటిదాకా ఆగితే అవీ పాడైపోతాయి.

“పిలిచినోడే మొయ్యాల” అన్నాడు పెద్దకాపు. “ఇది మా తాతలనాటి కట్టుబాటు.”

(ఆ కట్టుబాటు అప్పుడే, అక్కడే, ఆయన నోట్లోనే పుట్టిందని బావ ఇప్పటికీ అంటాడు. అయినా అంతకన్నా న్యాయమైన తీర్పు నేనింతవరకూ వినలేదు.)

గంపలు వెనక సీట్లోకీ డిక్కీలోకీ ఎక్కాయి. ఒకటి బావ ఒళ్లో కూర్చుంది. నేను తాళం తిప్పాను. పెద్దమ్మ టక్ అంది, అంతే. దీపాలు కళ్లు మూసుకున్నాయి. కరెంటు మామ మాట అప్పుడు గుర్తొచ్చింది. తోయవద్దని నేను చెప్పేలోపే అందరూ చేతులు వేసేశారు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, అన్నా తొయ్యబాకండి, మా నాన్న ఊరుకోడు అని మొరపెట్టుకుంటుంటే, నాన్నని కూడా తోస్తామన్నట్టు హైలెస్సా అన్నారు. మొదటి ఊపుకి, చేతులకున్న అలవాటు ప్రకారం, సముద్రంలోకే తోశారు. ముందు చక్రాలు తడిశాక ఎవరికో అనుమానం వచ్చింది. అప్పుడు వెనక్కి లాగి, ఎత్తి, మూతి ఊరివైపు తిప్పి, రెండో హైలెస్సాకి రోడ్డెక్కించారు. ఇంజిన్ అందుకుంది. వెనక ఊరంతా చప్పట్లు కొట్టింది. నేను మాత్రం నాన్నకి ఏం చెప్పాలా అని వెతుక్కుంటూ గేరు మార్చాను.

గంపలు నెల్లూరు మార్కెట్లో దించి ఇంటికి చేరేసరికి నాన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తోసినారా అని అడిగాడు. మేం తొయ్యలేదు మామా అని బావ మొదలుపెట్టాడు. బానెట్ మీద ఆయన చేసిన ప్రార్థన గుర్తొచ్చి నేనే పూర్తి చేశాను.

“ఊరంతా తోసింది నాన్నా.”

నాన్న గేటు తీసి పట్టుకుని, కారు లోపలికి వెళ్లాక నెమ్మదిగా మూశాడు.

ఆదివారమంతా కడిగాను. సబ్బు, చింతపండు, సాంబ్రాణి పొగ. గంపల్లోంచి కారిన నీళ్లు సీట్ల స్పాంజిలోకి ఎక్కడికి వెళ్లి దాక్కున్నాయో, ఎంత కడిగితే అంత ఘుమఘుమ. సోమవారం పొద్దున తడాయన వచ్చేసరికి వీధిలోని పిల్లులన్నీ కారు చుట్టూ మర్యాదగా కూర్చుని ఉన్నాయి. ఆయన ఇంజిన్ విన్నాడు, మెచ్చుకున్నాడు. వైరింగ్ చూశాడు, మెచ్చుకున్నాడు. తలుపు తీశాడు. వెంటనే వేశాడు.

“చేపల బండి బాగుండాది సార్” అన్నాడు నాన్నతో. “అయితే నేను కారు కోసం వచ్చినా.”

ఆయన్ని వీధి మలుపుదాకా సాగనంపి వచ్చాడు నాన్న. నాకు మూడిందనుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆయన కారు ముందుకొచ్చి, ఆ లైట్లు ఒక తూరి వెయ్యమన్నాడు. ఇంజిన్ స్టార్ట్ చేసి మరీ వేశాను. పట్టపగలు, ఎండలో, ప్రహరీగోడ మీద ఆ వెలుగు పడిందో లేదో కూడా తెలియలేదు. నాన్న మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు.

“ఇంక దీన్ని ఎవురూ కొనరు” అన్నాడు. ప్రార్థన ఫలించినవాడి గొంతు అది.

పెద్దమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లే మాతో ఉంది. వానాకాలంలో తలుపు తీస్తే మైపాడు పలకరించేది. ఇప్పుడు నా కారులో దీపాలు వాటంతట అవే వెలుగుతాయి, వాటి మీద నాకు అధికారం తక్కువ. అందుకే సాయంత్రం పూట మైపాడు వెళితే కారుని సముద్రానికి వీపు పెట్టి నిలుపుతాను. అందరి కార్లూ అటు తిరిగుంటే మనదొక్కటే ఇటెందుకని మా ఆవిడ ప్రతిసారీ అడుగుతుంది. పడవలు పని చేసుకుంటున్నాయి, ఎందుకులే పిలవడం అంటాను. ఆవిడ నవ్వుతుంది. నేను మాత్రం దిగేముందు, ఎందుకైనా మంచిదని, ఒకసారి గట్టిగా గాలి పీల్చి చూస్తాను. కొత్త సీట్ల వాసన తప్ప ఇంకేమీ రాదు.